వడియాలు పెట్టినట్టు

మా అత్తయ్యగారు వడియాలు పెడుతుంటే చూడాలి. డాబా మీద తడిపిన పాత పంచె పరిచి, బూడిద గుమ్మడికాయ వడియాలు ఒక్కో ముద్దా తీసి పెడతారు. ఏ రెండూ ఒకదానికొకటి అంటుకోవు. నేను పెడితే నాలుగు వరసలు బాగానే వచ్చి, అయిదో వరసకి ఒకదాని మీదికి ఒకటి ఎక్కేస్తాయి. "అమ్మాయ్, పైది ఎండుతుంది, కిందది బూజు పడుతుంది" అంటారు ఆవిడ. పెళ్ళయిన కొత్తలో విన్న ఈ మాట మొన్న కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది.

ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. బీపీ, షుగరు ఎప్పట్నించో ఉన్నాయి. రెండేళ్ళ క్రితం గుండెకి స్టెంటు వేశారు. గుండెకో డాక్టరు, షుగరుకో డాక్టరు, మోకాళ్ళకి ఇంకొకరు. ఆ చీటీలు, రిపోర్టులు అన్నీ మా అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టి వెళ్ళింది. పొద్దున్నే, రాత్రి మాత్రలు తీసి ఆవిడ చేతిలో పెట్టే పని మాత్రం నాది. ఈ పని ఇంకెవరికీ ఇవ్వను.

సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నించి ఆవిడకి లేచి నిలబడితే కళ్ళు తిరగడం మొదలైంది. పాదాలు వాచి, చెప్పు విప్పితే పట్టీ ముద్ర అలాగే ఉండిపోయేది. ఒకరోజు తులసికోట పట్టుకుని అక్కడే కూలబడ్డారు. "వయసు కదా" అన్నారు మావారు. "నీరసమే, ఏం లేదు" అన్నారు ఆవిడ. మా వీధిలోనే ఒక పెద్దావిడ బాత్రూములో జారిపడి తుంటి విరిగి, మంచం దిగకుండానే వెళ్ళిపోవడం చూశాను. రాత్రి ఆవిడ లేచిన చప్పుడైతే చాలు, నేనూ లేచి కూర్చునేదాన్ని.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే ముందు అన్ని మందులూ ఒక కాగితం మీద రాద్దామని కూర్చున్నాను. గుండె చీటీ తెరిచాను. షుగరు చీటీ తెరిస్తే అది వచ్చి దీని మీద కూర్చుంది. ఇంకోటి తెరిస్తే అది ఆ రెండింటి మీదా. కుర్చీలో ఉతికిన బట్టల గుట్టలా అయింది స్క్రీను. ఒక చీటీలో పేరు చూసి, అది రెండో దాంట్లో ఉందేమో అని వెళ్ళేసరికి పేరు మర్చిపోవడం, మళ్ళీ వెనక్కి రావడం. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, పద్యం ఒక్కసారి చూస్తే పట్టేదాన్ని కానీ ఈ మందుల పేర్లు నోరే తిరగవు!

రాత్రి తొమ్మిదిన్నరకి హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేశాను.

"అమ్మా, గుండె చీటీ మీద ఒకసారి క్లిక్ చెయ్యి. కీబోర్డులో కింద విండోస్ బొమ్మ ఉన్న కీ ఉంటుంది చూడు, అది నొక్కి పట్టుకుని ఎడమ బాణం కొట్టు."

కొట్టాను. చీటీ చక్కగా స్క్రీనులో ఎడమ సగంలోకి వెళ్ళి సర్దుకుంది. మిగతావి కుడివైపు చిన్న బొమ్మలుగా కనిపించాయి. షుగరు చీటీ బొమ్మ మీద నొక్కితే అది కుడి సగంలో కూర్చుంది. మూలకి పంపాలంటే అదే కీ పట్టుకుని ఆ తర్వాత పై బాణమో కింది బాణమో కొట్టాలట. అలా నాలుగు మూలల్లో నాలుగు పెట్టుకోవచ్చు. 1985లో వచ్చిన మొట్టమొదటి విండోస్‌లో కిటికీలు అసలు ఒకదాని మీద ఒకటి పడేవే కావని, 1987లో రెండోది వచ్చాకే ఆ ఎక్కడం మొదలైందని కూడా చెప్పింది. "అయితే మొదటిదే మీ నానమ్మ చేసుంటారు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఫోన్ పెట్టేశాక పక్కపక్కనున్న రెండు చీటీలూ చదివాను. రెండింట్లోనూ బీపీ మాత్ర ఉంది. పేర్లు వేరు. మాత్రల డబ్బా తెచ్చి, అట్టల వెనక పెద్ద పేరు కింద ఉండే చిన్న అక్షరాలు ఫోన్ కెమెరాతో పెద్దవి చేసి చూశాను. ఒకదాని మీద ఆమ్లోడిపిన్. రెండోదాని మీద టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్. మా పాఠాల్లో చెప్పినట్టు ఇది పర్యాయపదాలే కాదు, ద్వంద్వ సమాసం కూడా! ఒకే మందు ఒకచోట ఒంటరిగా, ఇంకోచోట జంటగా.

రెండో చీటీ మీద తేదీ చూశాను. సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు.

చేతులు చల్లబడ్డాయి. ఆ రోజు షుగరు డాక్టరుగారు బీపీ ఎక్కువగా ఉందని ఈ మాత్ర రాశారు. "ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగారు కూడా. గుండె చీటీ మేం ఇంట్లో మర్చిపోయాం. పేర్లు గుర్తులేక "గుండెకేవో వాడుతున్నారండీ" అన్నాను. అన్నది నేనే. అప్పట్నించీ రోజూ ఆ రెండు మాత్రలూ నీళ్ళ గ్లాసుతో సహా నా చేత్తోనే ఇచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నా అంతట నేను మాత్రం ఏ మాత్రా ఆపలేదు. పొద్దున్నే మాత్రల వేళకి ముందే గుండె డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆవిడని తీసుకుని, చీటీలన్నీ పట్టుకుని వెళ్ళాం. నిలబెట్టి బీపీ చూస్తే పై అంకె నూరు కూడా లేదు. ఆయన రెండు చీటీలూ చూసి, ఒక మాత్ర ఆపించి, వారంలో మళ్ళీ రమ్మన్నారు. ఆ మందుకి పాదాలు వాచడం మామూలేనట. పది రోజుల్లో వాపు తగ్గింది. కళ్ళు తిరగడం పోయింది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరు ముగ్గురు డాక్టర్లకి చూపించుకుంటుంటే, ఒక్కసారి ఆ చీటీలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. కంప్యూటర్ లేకపోతే మంచం మీద పరవండి. పెద్ద పేరు కాదు, దాని కింది చిన్న పేరు చదవండి. అనుమానమొస్తే డాక్టరునే అడగండి.

జరిగిందంతా అత్తయ్యగారికి చెప్పాను, నా తప్పుతో సహా. ఆవిడ ఏమీ అనలేదు. కళ్ళజోడు పెట్టుకుని వచ్చి కంప్యూటర్ ముందు నిలబడి, మూడు మూలల్లో ఉన్న మూడు కాగితాలనీ చాలాసేపు చూశారు.

"బానే పెట్టావు. మరి నా మోకాళ్ళ చీటీ ఏదే?" అన్నారు.

నిజమే, అది తెరవనే లేదు. తెరిచి, ఖాళీగా ఉన్న నాలుగో మూలలో పెట్టాను.