పడవకు బీమా ఉంది సరే... మరి వలకో?

"మా బోటుకు ఇన్సూరెన్సు ఉందమ్మా, మాకేం భయం?" అనే మాట మన తీరం పొడుగునా ఏ రేవులో అడిగినా వినిపిస్తుంది. సంతోషమే. కానీ అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, ఆ కాగితం ఎప్పుడైనా విప్పి చదివారా? అందులో బోటు అని రాసి ఉంటుంది, ఇంజను అని రాసి ఉంటుంది. వల అన్న మాట ఉందా? లేకపోతే మీ వలకు బీమా లేనట్టే. బోటు కాగితం బోటుదే, వలది కాదు.

సముద్రం మొహం చూడని ఊళ్ళలో ఉన్న సోదరీమణులు అప్పుడే పేజీ తిప్పేయకండి. పాడిగేదెకైనా, కుట్టుమిషను పెట్టుకున్న కొట్టుకైనా బీమా అంటే ఇదే పద్ధతి. కాగితంలో ఏది రాసి ఉందో దానికే డబ్బు వస్తుంది.

మాది విశాఖపట్నం. మావారికీ, మా మరిదికీ చెరొక ఫైబరు బోటు ఉంది. మా ఇళ్ళల్లో వేట మగవాళ్ళది, లెక్క ఆడవాళ్ళది. డీజిలుకెంత, ఐసుకెంత, కలాసీల వాటా పోను ఇంటికి మిగిలిందెంత అన్నీ మా చేతిమీదే నడుస్తాయి. అలాంటప్పుడు బీమా కాగితం మాత్రం మగవాళ్ళ చొక్కా జేబుకో, బీరువా అడుగుకో ఎందుకు పరిమితం కావాలి చెప్పండి?

చూసేవాళ్ళకు బోటే పెద్ద ఆస్తిగా కనిపిస్తుంది. వల సంగతి మనకే తెలుసు. నైలాను వల కిలోల లెక్కన కొంటాం. దానికి తాళ్ళు, బెండ్లు, సీసపు గుండ్లు, కట్టించిన కూలీ కలుపుకోవాలి. ఒక రకం చేపకు ఒక రకం కన్ను కావాలి కాబట్టి ఒక్క వలతో సరిపోదు. అన్నీ కలిపి లెక్కవేస్తే మా బోటు మీద వలల ఖరీదు ఇంజను ఖరీదును దాటిపోయింది. పైగా బోటు మునగడం ఎప్పుడో జరిగే ముచ్చట, వల పోవడం మాత్రం ఏ రాత్రయినా జరగొచ్చు. ఓడ కోసుకుపోతుంది, ట్రాలరు ఈడ్చుకుపోతుంది, అడుగున రాతికి పట్టి చిరిగిపోతుంది.

మా తోటికోడలి ఇంట్లో జరిగింది ఇదే. రెండేళ్ళ కిందట ఒక రాత్రి మా మరిది వల పరిచి ఉంటే, పెద్ద ఓడ ఒకటి దాని మీదుగా వెళ్ళిపోయింది. తెల్లారి లాగి చూస్తే సగానికి పైగా లేదు. బోటుకు గీత కూడా పడలేదు. లక్షా నలభై వేల రూపాయల వల గంగపాలయింది. బీమా ఆఫీసుకు వెళ్తే, "బోటు క్షేమంగా ఉంది కదమ్మా, వల మా పాలసీలో లేదు" అని పంపేశారు. ఆ పిల్ల చేతి గాజులు తీసి తాకట్టు పెట్టింది. సంక్రాంతికి మట్టిగాజులతోనే తిరిగింది. మనిషి క్షేమంగా వచ్చాడు, అదే పదివేలు అనుకుంది. నిజమే, కానీ పిల్లవాడి కాలేజీ ఫీజు ఆ మాటతో తీరదు కదా!

అందుకని మా బోటు పాలసీ కొత్తది చేయించాల్సి వచ్చినప్పుడు నేనూ, ఆమే కలిసి బయలుదేరాం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా. బోట్లు ఒడ్డున ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. కాగితాలు బాగుచేసుకోవడానికీ అదే మంచి అదను. రెండు ఆఫీసుల మెట్లెక్కాం.

మొదటి చోట చాలా చవగ్గా చెప్పారు. విడమరిచి అడిగితే తేలిందేమిటంటే, అది బోటు పూర్తిగా పోతేనే డబ్బిచ్చే పాలసీ. సగం పగిలితే లేదు, ఇంజను పాడైతే లేదు, వల ఊసే లేదు. రెండో చోట పెద్దాయన ఒకరు ఓపిగ్గా కూర్చోబెట్టి మాట్లాడారు. "వలను కూడా చేర్చొచ్చమ్మా. కాకపోతే వల పోయినప్పుడు ఎక్కడుంది అన్నది ముఖ్యం" అన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. అప్పుడే అర్థమైంది, వలకు మూడు ఇళ్ళున్నాయని. బోటు ఒకటి, ఒడ్డు ఒకటి, నీళ్ళు ఒకటి.

బోటులో ఉండగా బోటు మునిగినా, కాలినా దానితోపాటు వల పోతే, వలను పాలసీలో చేర్చి ఉంటే డబ్బు వస్తుంది. వలకు బీమా అని మామూలుగా అమ్మేది ఇదే.

ఒడ్డున షెడ్డులోనో, మన పెరట్లోనో ఉన్న వల అగ్గిపాలైతే, దొంగలు పట్టుకుపోతే? బోటు పాలసీ వల వెంట పెరటిదాకా నడిచి రాదు. ఒడ్డున ఉన్నప్పటికీ వర్తిస్తుందని అందులో రాయించుకోవాలి. లేదా అగ్నిప్రమాదానికి, దొంగతనానికి విడిగా పాలసీ తీసుకోవాలి.

ఇక నీళ్ళలో పరిచి ఉన్న వల. ఇక్కడే చాలామంది మోసపోయామనుకునేది. వేట చేస్తూ ఉండగా వల చిరిగినా, తెగినా, కొట్టుకుపోయినా మామూలు పాలసీలు డబ్బివ్వవు. అదే ప్రమాదంలో బోటు కూడా పోతేనే ఇస్తాయి. అంటే మా తోటికోడలికి వల చేర్చిన పాలసీ ఉన్నా ఆ రోజు రూపాయి రాలేదన్నమాట! ఆ మాట విని ఆమె మొహం చిన్నబోయింది. "మరెందుకక్కా ఇదంతా?" అంది.

ఎందుకో చెప్తాను. 2023 నవంబరు 19 రాత్రి మా విశాఖ చేపల రేవులో మంటలు లేచి ముప్పైకి పైగా బోట్లు కాలిపోయాయి. అవి సముద్రంలో లేవు, లంగరు వేసి ఉన్నాయి. వేటకు సర్దిపెట్టుకున్నదంతా బోటుతోపాటే మసైపోయింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం పరిహారంగా ప్రకటించింది. అది ఆ కుటుంబాల అదృష్టం. ప్రతిసారీ అలా జరుగుతుందన్న ఆశ మీద ఇల్లు నడపలేం కదా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రేవులో కట్టేసిన బోట్లే ఒకదాన్నొకటి గుద్దుకుని పగిలాయి. అంత దెబ్బను చిట్టీలు, తాకట్లు మోయలేవు. దానికి బీమా కావాలి. సగం వల పోవడంలాంటి దెబ్బకు మన పొదుపే మందు. అందుకే ఇద్దరం పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఖాతా తెరిచాం. వేట బాగున్న నెల కాస్త ఎక్కువ, లేని నెల కాస్త తక్కువ పక్కన పెట్టి, ఆ నెల కిస్తీ అందులోంచి కడతాం. దానికి వల డబ్బు అనే పేరు. పండక్కి కూడా ముట్టుకోం.

రెండో పాలసీయే తీసుకున్నాం. మాకు ఏడాదికి నాలుగు వేల చిల్లర ఎక్కువైంది. మీ బోటును బట్టి, మీ వలను బట్టి అది మారుతుంది. తీసుకునే ముందు మేం అడిగి తెలుసుకున్నవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

వల విలువను తక్కువ చేసి రాయించకండి. ప్రీమియం తగ్గుతుందని ఆశపడితే చివరికి మనకే చేటు. మూడు లక్షల వలను లక్షకే రాయించారనుకోండి. అందులో తొంభై వేల నష్టం జరిగితే, మూడో వంతుకే బీమా ఉంది కాబట్టి ముప్పై వేలే లెక్కగడతారు. లక్ష దాకా ఇస్తారులే అనుకుంటే పొరపాటు.

వలలు, తాళ్ళు, బోర్డులు, జీపీఎస్, వైర్‌లెస్ సెట్టు ఒక్కొక్కటీ విడిగా, విడి విలువతో రాసి ఉందేమో చూడండి. "సామగ్రి సహా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, రేపు ఏది సామగ్రి అన్న దగ్గర వాదన మొదలవుతుంది.

పాతబడిన వలకు ఎంత తరుగు తీస్తారు, ప్రతి నష్టంలో మొదట మనం భరించాల్సింది ఎంత అన్నవి అడగండి. ప్రీమియం తక్కువున్న చోట ఈ రెండూ ఎక్కువుండొచ్చు. చీర ధర చూసి మురిసిపోయి కొంగు విప్పి చూడకపోతే ఎలా?

షరతులు చదివించుకోండి. బోటు రిజిస్ట్రేషను, వేట లైసెన్సు గడువులో ఉండాలి. ఎంత దూరం వరకు వెళ్ళొచ్చో రాసి ఉంటే ఆ దూరం దాటకూడదు. నిషేధం రోజుల్లో వేటకెళ్ళి బోటు పోగొట్టుకుంటే కంపెనీ కాదనడానికి మనమే కారణం ఇచ్చినట్టు. ఇలాంటి బీమాలకు 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్సు చట్టం ఉంది. అడిగినవాటికి నిజం చెప్పడం, షరతు తప్పకపోవడం అందులో చాలా గట్టి నియమాలు. పాత ఇంజనును కొత్తదని రాయించే తెలివి మనకొద్దు.

అప్పు మీద కొన్న బోటయితే ఇంకొకటి చూడాలి. బ్యాంకువాళ్ళే బీమా చేయించారని నిశ్చింతగా ఉంటాం. అది వాళ్ళ అప్పుకు సరిపోయేంతే అయుండొచ్చు, వచ్చే డబ్బు ముందు బ్యాంకుకే పోవచ్చు. వల మన సొంత డబ్బుతో కొన్నదైతే అది ఆ కాగితంలో ఉండకపోవచ్చు. నకలు అడిగి తెచ్చుకోండి.

బోటు బీమా మనిషి బీమా కాదు. ఇది మరీ ముఖ్యం. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద జాలర్లకు గ్రూపు ప్రమాద బీమా పెట్టారు. ప్రమాదంలో మరణించినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా రూ. 5 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి రూ. 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు రూ. 25 వేలు. ప్రీమియం ప్రభుత్వాలే భరించాయి. మీ ఇంటి మనిషి పేరు, కలాసీల పేర్లు ఈ ఏడాది ఎక్కాయో లేదో మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి చూసుకోండి.

ఇక ఇంట్లో మనం చేయగలిగిన పని ఒకటుంది. పాల లెక్కకు, చాకలి పద్దుకు నోటుబుక్కు పెట్టినట్టే వలకూ ఒకటి పెట్టండి. ఏ వల ఎప్పుడు కొన్నాం, ఎన్ని కిలోలు, కన్ను ఎంత, ఎంత పడింది, మరమ్మతుకు ఎంతైంది అన్నీ రాయండి. ఇప్పుడు కొట్లలో మిషను మీద ఇచ్చే బిల్లుల అక్షరాలు కొన్నాళ్ళకే వెలిసిపోతున్నాయి. తెచ్చిన రోజే జిరాక్సు తీయించండి. బోటు నంబరు కనిపించేలా, వలలు పక్కన పెట్టి ఫోనులో ఫోటో తీసి, దాన్ని కూతురికో, అన్నయ్యకో కూడా పంపి ఉంచండి. బోటుతోపాటు ఫోను పోయినా ఫోటో మిగులుతుంది. పాలసీ అసలు కాగితం మాత్రం బోటులో పెట్టకండి. అది ఇంట్లో ఉండాల్సిందే.

ప్రమాదం జరిగితే ముందు ప్రాణం. సముద్రంలో ఆపద వస్తే కోస్టుగార్డు నంబరు 1554, ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోండి. మనుషులు ఒడ్డుకు చేరాక అదే రోజు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి. పోలీసు స్టేషనులో, మత్స్యశాఖలో కాగితం పెట్టాలి. సర్వేయరు చూసేదాకా మిగిలిన వలను, పగిలిన చెక్కను అమ్మేయకూడదు. అలాగని ఇంకా పాడైపోయేలా వదిలేయనూ కూడదు. కాపాడగలిగింది కాపాడటం కూడా మన బాధ్యతే.

కంపెనీ కాదంటే ఏడుస్తూ కూర్చోవద్దు. ఎందుకు కాదన్నారో రాసివ్వమనండి. ముందు వాళ్ళ పై అధికారికి ఫిర్యాదు రాయండి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. కంపెనీ కాదన్న ఏడాదిలోగా అక్కడ రాసుకోవచ్చు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

చివరిగా ఒక్క మాట. ప్రీమియం అందితేనే కంపెనీ పూచీ మొదలవుతుంది. రేడియోలో వాయుగుండం కబురు విన్నాక పరుగెత్తితే, ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే. ఈ రోజు పొయ్యి మీద పులుసు మరుగుతూ ఉండగానే ఆ బీరువా తీసి పాలసీ బయటికి లాగండి. "వల" అన్న మాట కోసం వెతకండి. కనిపించకపోతే మీవారు వేట నుంచి వచ్చి, అన్నం తిని, కాస్త నడుం వాల్చాక మెల్లగా అడగండి, "ఏమండీ, మన వలకు కాగితం ఏదండీ?" అని. కసురుకుంటే కసురుకోనివ్వండి. మర్నాడు ఆఫీసుకు మాత్రం మీరూ వెంట వెళ్ళండి.