ఒకే ఇంట్లో రెండు కళ్ల లెక్కలు

మా ఇంట్లో ఇద్దరికి సైటు. అమ్మాయికి మైనస్ నాలుగున్నర, నాకు మైనస్ మూడు. కిందటేడు తనకి లేజర్ ఆపరేషన్ చేయించి 88,000 రూపాయలు కట్టాను. అదే బల్ల దగ్గర "ఫ్యామిలీ డిస్కౌంట్ ఇస్తాం సార్, మీరూ చేయించుకోండి" అంటే వద్దన్నాను. సికింద్రాబాద్ మెట్టుగూడలో మావాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: పిల్లకి పెట్టినవాడివి నీకెందుకు పెట్టుకోలేదని. పిసినారితనమేమీ కాదు, ఇద్దరి లెక్కా వేరు.

నాకు 47 ఏళ్లు. మైనస్ మూడు ఉన్నవాడికి ఒక సుఖం ఉంది, చత్వారం వచ్చినా కళ్లజోడు తీసేసి పేపరు చదువుకోవచ్చు. లేజర్ కార్నియాను చెక్కి దూరపు చూపును సరిచేస్తుంది. వయసుతో కంటి లోపలి కటకం బిగుసుకుపోయి వచ్చే చత్వారాన్ని అది ఆపదు. అంటే చేయించుకుంటే బస్సు నంబరు కనిపిస్తుంది, ఫోను చూడ్డానికి కొత్తగా అద్దాలు కావాలి. ఒక కన్ను దూరానికి, ఇంకోటి దగ్గరకి సరిచేసే పద్ధతీ చెప్పారు. రాత్రిపూట సంగీత్ చౌరస్తాలో బండి నడిపేవాణ్ణి, నాకది నచ్చలేదు. నా ప్రోగ్రెసివ్ అద్దాలకి రెండేళ్లకోసారి పది పన్నెండు వేలవుతుంది. లక్ష రూపాయలు ఏడు శాతానికి ఎఫ్‌డీ వేస్తే ఆ వడ్డీతోనే కళ్లజోడు వచ్చేస్తుంది, అసలు అలాగే ఉంటుంది.

అమ్మాయికి 24. కాంటాక్ట్ లెన్సులు, సొల్యూషను, ఇంట్లో పెట్టుకునే కళ్లజోడు కలిపి ఏడాదికి పన్నెండు వేలు దాటేది. 88,000 మీద వడ్డీ ఆరు వేల చిల్లర, అది ఆ ఖర్చులో సగమే. వడ్డీ వదిలేసి చూస్తే ఏడెనిమిదేళ్లలో ఖర్చు తిరిగొస్తుంది, చత్వారం వచ్చేదాకా ఇంకో పదేళ్లు మిగులు. అప్పటికి ఏడాదిగా పవర్ మారలేదు కూడా. పవర్ ఇంకా పెరుగుతున్న పిల్లలకి ఇప్పుడే చేయిస్తే డబ్బు పెట్టి మళ్లీ అద్దాలు కొనుక్కోవడమే.

అయితే ఈ లెక్కంతా కార్నియా ఒప్పుకుంటేనే. అందుకే పరీక్షలకి 2,500 విడిగా కట్టాం, ప్యాకేజీకి అడ్వాన్సు ఇవ్వలేదు. అడ్వాన్సు ఇచ్చేశాక "మీకు కుదరదు" అని చెప్పడం వాళ్లకీ కష్టమే, వినడం మనకీ కష్టమే. మెత్తటి లెన్సులు వాడేవాళ్లు పరీక్షకి రెండు వారాల ముందు నుంచీ అవి తీసేసి ఉండాలి, లేకపోతే లెన్సు ఒత్తిడికి మారిన ఆకారాన్నే మిషను కొలుస్తుంది. గట్టి లెన్సులైతే ఇంకా ఎక్కువ రోజులు. కార్నియా ఆకారం చూపించే రంగురంగుల మ్యాపు ప్రింటు చేతికిచ్చారు. డాక్టరుగారు దాని వెనకే పెన్నుతో తీసివేత చేసి చూపించారు. కార్నియా మందం 520 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు. లేజర్ వేయడానికి పైకెత్తే పొరకి 110. ఒక్కో పాయింటు (డయాప్టర్) పవర్‌కి సుమారు 15 చొప్పున నాలుగున్నరకి 68. మిగిలేది 342. కనీసం 250 మిగలాలట. పవర్ ఎక్కువై మందం తక్కువైతే ఈ తీసివేత కుదరదు. మ్యాపులో కెరటోకోనస్ ఛాయలు, అంటే కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొచ్చే లక్షణాలు కనిపించినా లేజర్ మాట ఎత్తకూడదు. కళ్లు తెగ నులుముకునే అలవాటున్న పిల్లలుంటే ఈ మ్యాపు మీద మరీ శ్రద్ధ పెట్టాలి.

తర్వాత కౌన్సెలర్ గది. లాసిక్‌లో బ్లేడుతో పొర తీసేది ఒక ధర, లేజర్‌తోనే తీసేది ఇంకో ధర, పొర ఎత్తకుండా సన్నటి కోతతో చేసే స్మైల్ అన్నిటికన్నా ఖరీదు. ఏది సరిపోతుందో మ్యాపు చూసి డాక్టరు చెప్పాలి గానీ రేట్ల కార్డు చెప్పకూడదు. మాకు చెప్పినదానికి 95,000, పన్నెండు నెలల నో-కాస్ట్ ఈఎంఐ. "ఇప్పుడే మొత్తం కడితే ఎంతమ్మా?" అన్నాను. క్యాలిక్యులేటర్ కాసేపు నొక్కి 88,000 అంది. ఆ ఏడు వేల తేడా వడ్డీ కాకపోతే మరేమిటి? వాయిదాల్లో కడితే ఏడాదికి పద్నాలుగు శాతం పైనే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోలేదు. 7.5 డయాప్టర్ల లోపు సైటు సరిచేయించుకునే ఖర్చు మినహాయింపుల జాబితాలో ఉంటుంది. అంతకు మించిన పవరున్నవాళ్లు మాత్రం పాలసీ కాగితం తీసి చదవాలి, ముందే అనుమతి అడగాలి.

సికింద్రాబాద్ వాడిగా ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇక్కడ వీధికొక రైల్వే కుటుంబం. మా పక్కింటి కుర్రాడు అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకి చదువుతున్నాడు, కొంచెం సైటు. "అంకుల్, నేనూ లేజర్ చేయించుకుంటే మెడికల్‌లో పాసవుతాను కదా" అన్నాడు. ఆ ఉద్యోగానికి ఏ-1 వైద్య ప్రమాణం, కళ్లజోడు లేకుండా 6/6 చూపుండాలి. లాసిక్ చేయించుకున్నవాళ్లు అనర్హులని నోటిఫికేషన్‌లోనే రాస్తారు. వాళ్ల నాన్న చిట్టీ ఎత్తడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆ కాగితం చూపించాక ఆగాడు. కుర్రాడిప్పుడు అద్దాలతో చేయగల రైల్వే ఉద్యోగాలేమున్నాయో చూస్తున్నాడు. ఎయిర్‌ఫోర్స్ అయితే లాసిక్‌ని కొన్ని షరతులతో ఒప్పుకుంటుంది. ఏ ఉద్యోగానికి చదువుతుంటే ఆ నోటిఫికేషన్ ముందు చదవాలి.

ఆపరేషన్ నిమిషాల్లో అయిపోయింది. ఖర్చు మాత్రం అక్కడ ఆగలేదు. కళ్లు పొడిబారకుండా వేసే చుక్కల మందు నెలల తరబడి కొన్నాం. ఏసీలో కూర్చుని రోజంతా కంప్యూటరు చూసే ఉద్యోగం మరి. అమెరికా ఎఫ్‌డీఏ చేయించిన అధ్యయనాల్లో, ముందు పొడికళ్ల బాధ లేనివాళ్లలో 30 శాతం దాకా మూడు నెలలకి ఆ బాధ ఉందన్నారు. ముందు లైట్ల చుట్టూ వలయాల లాంటివేవీ కనిపించలేదన్నవాళ్లలో 46 శాతం దాకా అలాంటిది ఏదో ఒకటి కొత్తగా కనిపించిందన్నారు. వాటివల్ల రోజువారీ పనులకి బాగా ఇబ్బంది పడ్డవాళ్లు ఒక శాతం లోపే. మా అమ్మాయికీ రాత్రి ఎదురొచ్చే హెడ్‌లైట్లు కొన్నాళ్లు చెదిరినట్టు కనిపించాయి, తర్వాత తగ్గాయి. ఆ కొన్నాళ్లూ స్టేషన్ నుంచి ఇంటికి ఆటోలో వచ్చింది, ఆ డబ్బూ ఖర్చులోనే రాసుకున్నాను.

ఇంకో పని, పైసా ఖర్చు లేనిది. ఆపరేషన్‌కి ముందు కార్నియా వంపు కొలతలు, పాత పవర్, మ్యాపు, అన్నీ కాపీలు అడిగి తీసుకున్నాం. అరవై దాటాక శుక్లం వస్తే లోపల పెట్టే లెన్సు పవర్ లెక్కకట్టడానికి అవి పనికొస్తాయి, చెక్కిన కార్నియాను కొలిచి మామూలు సూత్రాలతో లెక్కేస్తే తప్పొచ్చే అవకాశముంది. అప్పటికి ఆసుపత్రి దగ్గర ఆ ఫైలు ఉంటుందో లేదో, అందుకని ఒక కాపీ బీరువాలో, ఇంకోటి తన మెయిల్లో.