నాగా

మొన్న మా చిన్నోడు "అబ్బా, రేపు స్కూల్ బంక్ కొడతా" అన్నాడు. బంక్ అంటే నాకు పెట్రోల్ బంకే గుర్తొస్తుంది. మా రోజుల్లో చండ్రుగొండలో ఆ మాట వినలేదు. తెలుగు దోస్తులు డుమ్మా కొట్టేవాళ్లు. లేదంటే బాకీ ఎగ్గొట్టినట్టు బడి ఎగ్గొట్టేవాళ్లు. మా ఇంట్లో మాత్రం ఒకటే మాట, నాగా.

ఇది ఉర్దూ మాటంటే తెలుగువాళ్లు నమ్మరు. తెలుగులోనూ ఉందంటే మా ఖాలా నమ్మదు. ఉర్దూలో దీన్ని గైన్‌తో రాస్తాం. ఐన్ మీద నుక్తా పెడితే గైన్, గొంతులోంచి పలకాలి. తెలుగులోకి వచ్చేసరికి నుక్తా రాలిపోయి ఉత్త 'గ' మిగిలింది. గరీబుకీ అదే గతి, గైరుహాజరుకీ అదే గతి. డెస్క్‌లో ఏ ఎమ్మెల్యే గురించో 'గైర్హాజరు' అని హెడ్డింగ్ పెట్టినప్పుడల్లా నాకు మా మాస్టర్ సాబ్ హాజిరీ పుస్తకం కళ్లముందు తెరుచుకుంటుంది.

డుమ్మాలో కొంటెతనం ఉంది, ఎగ్గొట్టడంలో మోసం ఉంది. నాగాలో ఏ తప్పూ లేదు. రోజూ జరిగేది ఒకరోజు జరగలేదు, అంతే. జ్వరమొచ్చినా, వాగు పొంగినా, పాలాయన రాకపోయినా నాగాయే. పాకిస్తాన్‌లో మాంసం అమ్మకూడని మంగళ, బుధవారాల్ని 'గోష్త్ కా నాగా' అంటారు. మనమేమో ఎవరినైనా మెచ్చుకోవాలంటే "నాగా లేకుండా నమాజ్ చదువుతాడు" అంటాం.

అబ్బా కలప అడితిలో రోజు కూలీ. ముసురు పడితే పనికి నాగా, ఆ రోజు మజూరీ సున్నా. ఒకసారి నేను బడి మానేసి ఇప్పచెట్ల కింద తిరిగి సాయంత్రం దొరికిపోయాను. కొట్టలేదు. "నీకు నాగా అంటే ఆట బేటా, నాకైతే పొయ్యి వెలగదు" అన్నాడు.

అమ్మీకి కాన్పు అయినప్పుడు ఆపా ఏడో జమాత్. "నాలుగు రోజులు నాగా పెట్టమ్మా" అన్నారు. బడి మానెయ్యమని ఎవరూ అనలేదు. నాలుగు రోజులు నాలుగు వారాలయ్యాయి. హాజిరీ పుస్తకాలు ఆఫీసు గదికి మోసేది నేనే కాబట్టి దారిలో తెరిచి చూసేవాణ్ని. వరసగా గైర్ హాజిర్, గైర్ హాజిర్. ఒకరోజు ఆపా పేరు మీద ఎర్రసిరా గీత, పక్కన 'ఖారిజ్'. ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆపా ఏడుస్తుందని అనుకున్నాను. చెప్పి ఉంటే అబ్బా మాస్టర్ సాబ్ దగ్గరికి వెళ్లేవాడేమో.

ఆపాకి ఇప్పుడు మనవరాలు. ఆ పిల్ల "నానీ, ఎంతవరకు చదివావు?" అని అడిగితే, "ఏడో జమాత్. తర్వాత నాగా పెట్టా" అంటుంది.