తిరువూరు సరిహద్దులో ఒక పేరు కోసం

విజయవాడ నుండి ఇబ్రహీంపట్నం, కొండపల్లి, మైలవరం మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి డెబ్బై కిలోమీటర్లు దాటాక తిరువూరు చేరుతుంది. మామిడి తోటల నడుమ మరికొంత దూరం పోతే ఖమ్మం జిల్లా పెనుబల్లి వస్తుంది. బస్సులో కునుకు తీసే ప్రయాణికునికి సరిహద్దు దాటిన సంగతే తెలియదు. కానీ 1948 వరకు ఇవతల మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లా, అవతల నిజాం రాజ్యం. సరుకు బండి దాటాలంటే నిజాంవారి కరోడ్‌గిరీ శాఖకు సుంకం చెల్లించవలసిందే. 1956లో చెరిగిన ఆ గీత 2014లో రెండు రాష్ట్రాల హద్దుగా మళ్ళీ నిలిచింది.

పూర్వీకుల జాడ వెదికేవారికి ఈ గీత పెద్ద పరీక్ష. అవతలి దఫ్తరులు 1880ల దాకా ఫార్సీలోను, ఆపై ఉర్దూలోను నడిచాయి. ఇవతల గ్రామ లెక్కలు తెలుగులో, పై కచేరీల కాగితాలు ఇంగ్లీషులో ఉండేవి. కాలగణన కూడా ఒకటి కాదు. 1863 చివరి నెలలు హిజ్రీలో 1280, ఫస్లీలో 1273. ఫస్లీకి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన క్రీస్తుశకం వస్తుందని తెలియనివారు ఒకే మనిషిని ఇద్దరుగా లెక్కిస్తారు. జనగణన ఉన్నది కదా అంటారు కొందరు. ఆ నాటి జనగణనలో అంకెలు మిగిలాయి గాని ఇంటింటి పేర్లు మిగలలేదు.

మా ముత్తాతగారు ఈ హద్దు దాటి వచ్చారని మాత్రమే మా ఇంట్లో తెలుసు. ఆయన కొండపల్లి ఖాజీల వంశమని మా ఫుప్పు గట్టి నమ్మకం. నిరుడు మా అన్నగారి అమ్మాయికి ఒక నూర్‌బాషా కుటుంబం నుండి సంబంధం వచ్చింది. అబ్బాయి నమాజు తప్పనివాడు, నెమ్మదస్థుడు. "ఖాజీల ఇంటి పిల్లను దూదేకులవారికి ఇస్తామా, బేటా?" అని ఫుప్పు అడ్డు చెప్పారు. పెళ్ళిలో కుఫూ, అంటే సరిజోడు, గురించి ఫిఖ్హ్ గ్రంథాలలో చర్చ ఉన్నది. అయితే ఆ చర్చకు ముందు మా వంశమేదో మాకు నిజంగా తెలిసి ఉండాలి కదా! ఆ పని నా మీద పడింది.

కొండపల్లి ఒకప్పుడు ముస్తఫానగర్ సర్కారుకు కేంద్రం. ఖాజీలకు, మసీదు సేవకులకు పూర్వ ప్రభువులు ఇచ్చిన మాన్యాలను విచారించడానికి మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్‌ను నియమించింది. ఆ రిజిస్టర్లలో మాన్యం ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, మొదట పొందినవారెవరు, ఇప్పుడు అనుభవిస్తున్నవారి పేరు, వయస్సు, వారికీ మొదటివారికీ బంధుత్వమేమిటి అనే వివరాలు గడుల వారీగా ఉంటాయి. ఒక పుటలో మా ముత్తాతగారి పేరే కనిపించింది. ఇంట్లో అందరూ సంతోషించారు.

కానీ మదర్సాలో హదీసు విద్య చదివినవాడు పేరు కలిసిందని ఊరుకోడు. ఖలీల్ బిన్ అహ్మద్ అనే పేరుతో ఆరుగురు ఉన్నారని మనకు పాఠం చెబుతారు. పేరు ఒకటై మనుషులు వేరైనవారిని విడదీయడానికి ఖతీబ్ బగ్దాదీ (మరణం హిజ్రీ 463) ప్రత్యేకించి ఒక గ్రంథమే వ్రాశారు. తండ్రి ఎవరు, ఊరేది, ఏ తరం వాడు, ఎవరితో కలిసి మెలిగాడు అన్నవే అందుకు గీటురాళ్ళు. ఇనాం పుటలోని పెద్దమనిషికి అప్పటికే యాభై ఏళ్ళు. వారసులుగా ఇద్దరు కుమార్తెల పేర్లే ఉన్నాయి. తండ్రి పేరూ వేరే. ఆయన మా వాడు కాడు.

అసలు జాడ చూపినది ముత్తవ్వ పేరు. అది అరుదైన పేరు, ఇంట్లో అందరికీ గుర్తున్న పేరు. హద్దుకు అవతల ఒక ఖాజీ కుటుంబం భద్రపరచిన నికాహ్ దఫ్తరులో, హిజ్రీ 1318 పుటలలో, వధువుగా ఆమె పేరు, మహరు, వరుని పేరు, వరుని తండ్రి పేరు దొరికాయి. ఆ తండ్రి పేరే, తిరువూరులో ముత్తాతగారు ఇంటిస్థలం కొన్న దస్తావేజులోనూ ఉన్నది. ఆ దస్తావేజులో ఆయన వృత్తిని తెలుగులో స్పష్టంగా వ్రాశారు: "దూది ఏకుట జీవనం."

మన తండ్రి కానివానిని తండ్రిగా చెప్పుకోవడాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తీవ్రంగా హెచ్చరించారు. రక్తసంబంధాలను కలుపుకోవడానికి అవసరమైనంత మేరకు వంశాలను నేర్చుకోమని కూడా వారే ఉపదేశించారు. జాతులు, తెగలు ఒకరినొకరు గుర్తుపట్టడానికేనని, దైవభీతి కలవాడే గౌరవనీయుడని సూరా హుజురాత్ 13వ ఆయతు బోధిస్తున్నది. వంశవృక్షం కలుపుకోవడానికి పనికిరావాలి గాని, విడదీయడానికి కాదు.

వృత్తి పేరు మన పెద్దలకు సిగ్గు కాలేదు. హదీసు ఉల్లేఖకులను తూచి చూసిన మహావిద్వాంసుడు యహ్యా బిన్ సయీద్ (మరణం హిజ్రీ 198) పేరు చివర ఉన్న 'ఖత్తాన్' అనే మాటకు అర్థం పత్తివాడు. వక్ఫ్ చట్టంపై గ్రంథం వ్రాసిన ఇమామ్ ఖస్సాఫ్ చెప్పులు కుట్టి జీవించినవారు. మనం మదర్సాలో ఏటా చదివించే ఖుదూరీ గ్రంథకర్త పేరులో వంట కుండలు ఉన్నాయి.

దస్తావేజు నకలు చదివి వినిపించినప్పుడు ఫుప్పు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నారు: "వీధిలో దూదేకు విల్లు మోగితే మా అబ్బా చేతిలో పని విడిచి గుమ్మంలోకి వచ్చి నిలబడేవారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు."

ఆ సంబంధం గురించి ఇప్పుడు ఇంట్లో మాట్లాడుకుంటున్నది అబ్బాయి గుణగణాల మీదనే. అమ్మాయి ఇష్టాన్ని ఇంకా అడగవలసి ఉన్నది. అది ఆమె హక్కు.

పాఠకులు తమ ఇంటి పాత దస్తావేజులను, నికాహ్ నామాలను చెదలు పట్టకముందే తీసి చూడాలి. పెద్దలు బ్రతికి ఉండగానే పేర్లు వ్రాసుకోవాలి. స్త్రీల పేర్లను మరువకుండా వ్రాయండి. వీధికొకరికి ఉండే పేర్ల మధ్య మా ముత్తాతను మాకు చూపించినది ముత్తవ్వ పేరే.