శిరస్త్రాణానికి గడ్డం పట్టీ

ఇనుప రేకు శిరస్త్రాణాన్ని తలమీద నిలిపేది గడ్డం కిందినుంచి పోయే తోలుపట్టీ. అది లేకపోతే తల వంచగానే శిరస్త్రాణం కళ్లమీదికి దిగుతుంది. తాడుతో కడితే కదలదు గానీ గొంతు ఒరుసుకుపోతుంది. పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో సంబరాలకు నాటకం కట్టేవారికి ఇంకో చిక్కు కూడా ఉంది. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధాన్ని ఆడితే తాండ్ర పాపారాయుడికి కత్తి తిప్పడంతో సరిపోదు, రాగం తీసి పద్యం పాడాలి. పట్టీ బిగుతుగా ఉంటే పాడటానికి నోరు తెరుచుకోదు.

అందుకే కొలత నోరు తెరిపించి తీయాలి. శిరస్త్రాణం పెట్టించి, పాత్రధారి చేత పై స్థాయిలో ఒక ఆలాపన చేయించి, అప్పుడు చెవి దగ్గరనుంచి చెవి దగ్గరికి టేపు వేయాలి. నోరు మూసినప్పుడు మిగిలే వదులు చూసి భయపడనక్కర్లేదు. ఒంటి పట్టీ అయితే ఆ వదులుకు శిరస్త్రాణం ఊగుతుంది. అందుకని ఇరువైపులా చెవికి ముందొకటి, వెనకొకటి తోలు వారలు దించి చెవితమ్మె కింద కలపాలి. అక్కణ్ణుంచి పట్టీ దవడ కిందుగా పోవాలి. గొంతుముడికి తగలకూడదు.

తోలు తంగేడు చెక్కతో పదును చేసినదైతే మేలు. తడిపి దవడ వంపుకు ఒత్తి నీడన ఆరబెడితే ఆ వంపు నిలుస్తుంది. క్రోమ్ తోలు మెత్తనే గానీ వంపు పట్టదు. రెండు మిల్లీమీటర్ల మందం చాలు. చెప్పులు కుట్టేవారు రంపెతో అంచులు చెక్కి నునుపు చేస్తే సగం ఒరిపిడి అక్కడే పోతుంది. చర్మానికి ఆనే వైపు పల్చటి మేకతోలు అస్తరు వేసి, ఆరెతో బెజ్జాలు పొడిచి, మైనం పట్టించిన నూలుదారంతో కుట్టాలి. బకిల్ గడ్డం కింద కాక చెంప పక్కన ఉండాలి. అది ఇత్తడిదైతే మంచిది, ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పుపడుతుంది. రేకుకు బిగించే రివెట్ల లోపలి తలల్ని తోలుముక్కతో కప్పాలి.

ఇది రంగస్థలానికే. జాతీయ రహదారి 16 మీద బండి నడిపేవారి హెల్మెట్ పట్టీని ఇలా మార్చకూడదు. అది ప్రమాదంలో ఊడిపోకుండా పరీక్షించి అమర్చినది.

ఆట ముగిశాక చెమట తడిగుడ్డతో తుడిచి, గాలి తగిలేచోట వేలాడదీయాలి. వానాకాలం ట్రంకుపెట్టెలో మూసిపెడితే బూజు పడుతుంది. అప్పుడప్పుడూ ఆముదం పల్చగా రాస్తే తోలు బిరుసెక్కదు. పలాసలో సులువుగా దొరికే జీడిపిక్కల సంచుల్లో మాత్రం చుట్టిపెట్టకూడదు. పిక్క పెంకులోని జీడి సంచికి అంటి ఉంటే పట్టీకి, పట్టీనుంచి గడ్డానికి అంటి బొబ్బలెక్కిస్తుంది.