విసరడానికి ఒక చెయ్యి

రాజమండ్రిలో మా ఇంట్లో పొద్దున్నే కాఫీ పెట్టేది నాన్న. అమ్మ కాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతే. నాలుగున్నరకి లేచి, ఇత్తడి ఫిల్టర్‌లో డికాషన్ వేసి, పాలు వచ్చే టైముకి రెడీగా ఉండేవారు. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. నడక నాలుగు నెలల్లో తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం గ్లాసు పట్టుకునేంతవరకే వచ్చి ఆగిపోయింది. ఫిల్టర్ కాఫీలో ఉన్న అసలు డేంజర్ మాకు అప్పుడే కనిపించింది. మరిగే నీళ్ళ గిన్నెని పట్టకారుతో ఎత్తి, సన్నగా పొయ్యాలి. అమ్మ ఆ పని తను తీసుకుంది. నాన్న ఏమీ అనలేదు గానీ, నాలుగున్నరకి లేచి ఊరికే కుర్చీలో కూర్చునేవారు.

అది చూసి బెంగళూరు నుంచి అక్క ఒక చిన్న ఎస్ప్రెస్సో మెషిన్ పంపింది. నీళ్ళు ట్యాంకులో ఉంటాయి, బటన్ నొక్కితే చాలు, వేడిగా దేన్నీ ఎత్తక్కర్లేదు. హ్యాండిల్ బిగించడం ఎడమచేత్తో అయిపోతుంది. చుట్టాలు దాన్ని చూసి "అబ్బో, సోకు" అంటారు. మా ఇంట్లో అది సోకు కాదండి, నాన్నకి ఉద్యోగం మళ్ళీ ఇచ్చిన మెషిన్.

తేడా పొడి దగ్గర వచ్చింది. ఇలాంటి మెషిన్లతో రెండు రకాల జల్లెడ గిన్నెలు ఇస్తారు. ఒకదానికి అడుగున రెండు పొరలుంటాయి, చివర ఒకటే చిన్న రంధ్రం. అందులో ఎలాంటి పొడి వేసినా ప్రెజర్ దానంతటదే పుడుతుంది, నురగ వస్తుంది. రెండోది ఒకే పొర. అందులో నీళ్ళని ఆపాల్సింది పొడే. మేం మొదటిదే వాడేవాళ్ళం. నాన్న రెండు నెలలు తాగి తీర్పు చెప్పారు: "నురగుంది గానీ కాఫీ లేదమ్మా ఇందులో."

ఒకే పొర గిన్నె వాడాలంటే మిక్సీ పొడి పనికిరాదు. ఎందుకో అమ్మమ్మ తిరగలి గుర్తు చేసుకుంటే అర్థమవుతుంది. మిక్సీ బ్లేడు గింజని నరుకుతుంది. ఎన్ని దెబ్బలు ఏ గింజకి తగిలాయో లెక్కుండదు, కాబట్టి కొంత పిండి, కొంత రవ్వ. తిరగలిలో రెండు రాళ్ళ మధ్య సందు ఎంతో నూక అంతే వస్తుంది, అంతకన్నా పెద్దది బయటికి రాలేదు. కాఫీ గ్రైండర్‌లో బర్ అనేది ఈ తిరగలే, రాయి బదులు స్టీలు. అమ్మమ్మ పప్పు "విసరడం" అనేది గానీ "కొట్టడం" అనేది కాదు. ఇంగ్లీష్ మీడియంలో చదువుకున్న నాకు గ్రైండ్ అనే ఒక్క మాటే తెలుసు. తెలుగులో ఆ రెండు పనులకీ రెండు మాటలు ముందే ఉన్నాయి.

ఎస్ప్రెస్సోకి మామూలుగా చెప్పే లెక్క ఇది. సుమారు 9 బార్ల ప్రెజర్, పొడి బరువుకి రెట్టింపు కాఫీ, 25 నుంచి 30 సెకన్లు. మా గిన్నెలో 15 గ్రాముల పొడి పడుతుంది, అంటే 30 గ్రాముల కాఫీ. పొడి కాస్త బరకైతే పది సెకన్లలో కారిపోయి పుల్లగా ఉంటుంది. మరీ మెత్తనైతే చుక్కలు చుక్కలుగా పడి చేదెక్కుతుంది. ఫిల్టర్ కాఫీ ఇంత పట్టింపు పెట్టుకోదు, నీళ్ళు వాటి బరువుకి అవే దిగుతాయి.

అందుకే గ్రైండర్ కొనేటప్పుడు చూడాల్సింది ఎంత మెత్తగా ఆడుతుందనేది ఒక్కటే కాదు, ఒక క్లిక్కుకి సందు ఎంత మారుతుందనేది కూడా. మన భాషలో చెప్పాలంటే రిజల్యూషన్. టైమ్‌మోర్ సి2 లాంటి వాటిలో క్లిక్కుకి సుమారు 80 మైక్రాన్లు, దాదాపు ఒక వెంట్రుక మందం. ఎస్ప్రెస్సోకి కావలసిన పాయింట్ రెండు క్లిక్కుల మధ్య పడితే ఇక దొరకదు. కింగ్రైండర్ కె6లో క్లిక్కుకి 16 మైక్రాన్లు. చిన్న ఎలక్ట్రిక్ గ్రైండర్లలో ముప్ఫై సెట్టింగులున్నా, అవి ఫ్రెంచ్ ప్రెస్ నుంచి ఎస్ప్రెస్సో దాకా పంచేసి ఉంటాయి. మనకి పనికొచ్చేవి అందులో రెండో మూడో.

నా బడ్జెట్ 8,000. వేసవిలో మా వీధిలో ఇద్దరు ఇంటర్ పిల్లలకి మాథ్స్ చెప్పిన డబ్బు. ఆ రేంజిలో కొత్త ఎలక్ట్రిక్ గ్రైండర్లు కొన్ని దొరికాయి గానీ, వాటిలో డబ్బు మోటారుకి పోతుంది, బర్‌కి మిగలదు. అదే డబ్బుకి చేతితో తిప్పేది కొంటే బర్ చాలా మంచిది వస్తుంది, ఎందుకంటే మోటారు మన చెయ్యే. ఎవరిని అడిగినా "బడ్జెట్ తక్కువైతే హ్యాండ్ గ్రైండర్ తీసుకో" అనేది అందుకే. ఆ సలహాలో చెప్పకుండా వదిలేసిన కండిషన్ ఒకటుంది. రెండు చేతులు. ఒకటి పట్టుకోవడానికి, ఇంకోటి తిప్పడానికి.

నేను హాస్టల్లో, అక్క బెంగళూరులో. రాత్రే ఆడించి పెట్టేద్దామంటే పొడి తెల్లారేసరికి వాసన కోల్పోతుంది. అమ్మ తిప్పుతానంది. నాన్న ఒప్పుకోలేదు. "మళ్ళీ మొదటికే వచ్చాం కదే" అన్నారు. ఆ మాట తర్వాత వంటింట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మా సీనియర్ ఒకన్నయ్య దగ్గర 16 మైక్రాన్ల రకం ఉంటే వారం రోజులకి అడిగి తెచ్చాను. నాన్న దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి, కుడిచెయ్యి ఆనించి, ఎడమచేత్తో తిప్పారు. గ్రైండర్ జారి రెండుసార్లు గింజలు నేలమీద పడ్డాయి. మామూలుగా నిమిషం పట్టే పని, 15 గ్రాములకి ఆరు నిమిషాలు పట్టింది. నేను ఆపబోతే "నాకేం తొందరుంది పొద్దున్నే? టైమే కదా నా దగ్గరున్నది" అన్నారు. మూడోరోజుకి నాకు ఒకటి అర్థమైంది. తిప్పే చేతికి ఇబ్బంది లేదు, లేనిదల్లా పట్టుకునే చెయ్యి.

పాతకాలం కాఫీ మిల్లులు చూశారా? ఇనుప మర, పైన గరాటు, పక్కన పిడి. తాతయ్యగారి ఇంట్లో అది బల్ల అంచుకి స్క్రూతో బిగించి ఉండేదట. అంటే పట్టుకునే పని బల్లది, మనిషికి ఒక చెయ్యి చాలు. కొత్త గ్రైండర్లు బ్యాగులో పట్టాలని ఆ బిగింపు తీసేశారు.

మా వీధి చివర వడ్రంగి మేస్త్రి గారి దగ్గరికి గ్రైండర్ పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఆయ్, దీని నడుం కొలత తీసుకుంటే సరిపోద్దండి" అన్నారు. రెండు టేకు ముక్కలు, మధ్యలో చెరి సగం గుంట, లోపల జారకుండా సైకిల్ ట్యూబు, ఒక పక్క బందు, ఇంకో పక్క రెక్కల నట్టు. దాన్ని వంటగట్టు అంచుకి క్లాంపుతో బిగించాం. పొడి పడే డబ్బా గట్టు బయట కిందికి వేలాడుతుంది, ఎడమచేత్తోనే విప్పుకోవచ్చు.

సీనియర్ ఎమ్మెస్‌కి వెళ్తూ గ్రైండర్ని 6,500కి ఇచ్చేశాడు. మేస్త్రి గారికి 600. గ్రాములు చూసే చిన్న కాటా 700. మిగిలిన 200 గింజలకి.

గింజలు అరకువి. 2019లో జీఐ గుర్తింపు వచ్చిన అరబికా, ఆదివాసీ రైతులు సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల పక్కన పెంచేది. 2017లో పారిస్‌లో షాపు తెరిచింది కూడా ఈ పేరు మీదే. మేం కాస్త ముదురు రోస్ట్ తీసుకుంటాం. రుచి సంగతి పక్కన పెడితే, ముదురుగా వేగిన గింజ పెళుసుగా ఉంటుంది, తిప్పడం తేలిక. లేత రోస్ట్ రాయిలా అడ్డం పడుతుంది.

ఇప్పుడు నాన్నకి రెండున్నర నిమిషాలు పడుతోంది. ముప్ఫై ఏళ్ళు బట్టల షాపులో పద్దులు రాసిన మనిషి కదా, దీనికీ ఒక పుస్తకం పెట్టారు. తేదీ, గ్రాములు, క్లిక్కులు, సెకన్లు. ఎడమచేత్తోనే రాస్తున్నారు. మొదటి పేజీల్లో 5కీ 6కీ తేడా తెలియదు. జులైలో వానలు పట్టాక కాఫీ నెమ్మదిగా దిగుతోందని, నన్ను అడక్కుండా ఆయనే రెండు క్లిక్కులు వదులు చేశారు. ఆ ఎంట్రీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. 15 గ్రాములు, 28 సెకన్లు, పక్కన "బాగుంది" అని. 8 కొంచెం వంకరగా ఉంది గానీ, చదవడానికి వస్తోంది.