హాజరుపట్టీ చెప్పే సంగతి

మాది ఛత్తీస్‌గఢ్‌లోని బాసగూడ, తాలిపేరు ఒడ్డు. ఆ ఏరే కిందికి పారి చర్ల దగ్గరి ప్రాజెక్టుకు చేరుతుంది. ఇప్పుడు జిల్లాలోనే ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతున్నాను.

తాగుడు గురించి మా పిల్లలతో మాట్లాడటం తేలిక కాదు. ఇప్పసారా మా వైపు దేవుడి ముందు నేలమీద ధారపోసేది. పెళ్ళికైనా చావుకైనా ఉండాల్సిందే. ఆదివాసులు సొంతానికి కొంత కాచుకునే వెసులుబాటు ఆబ్కారీ చట్టంలోనే ఉంది. "తాగడం పాపం" అన్నామంటే కుర్రాడికి వాళ్ళ తాతను తిట్టినట్టే వినపడుతుంది. అయితే ఊళ్ళో చుట్టూ పెద్దలుంటారు, పండగ దాటితే కుండ బోర్లిస్తారు. టౌనులో అద్దె గదికి పెద్దలూ లేరు, పండగకు ముగింపూ లేదు. 21 ఏళ్ళు నిండనివాళ్ళకు దుకాణంలో అమ్మకూడదు గానీ, గదిలో ఒకడికి నిండితే అందరికీ నిండినట్టే. 2019 నాటి కేంద్ర సర్వేలో తాగేవాళ్ళు దేశం మొత్తంమీద 14.6 శాతమైతే, ఛత్తీస్‌గఢ్‌లో 35.6.

నాకు ముందుగా తెలియజేసేది హాజరుపట్టీ. సంత మర్నాడల్లా రానివాడు, మొదటి పీరియడు ఎగ్గొట్టేవాడు, ఉన్నట్టుండి చదువు జారినవాడు అందులో దొరుకుతారు. అంతమాత్రాన తాగుడే అనుకోను. మా దగ్గర మలేరియా కూడా అలాగే పడేస్తుంది. అందుకే నలుగురిలో అడగను.

"ఏం బాబూ, కనబడటం లేదు?"

"జ్వరం సార్."

"అన్నం సయిస్తోందా? రాత్రి నిద్ర పడుతోందా?"

ఇలా రెండు మూడుసార్లు పలకరించాక అసలు మాట బయటికొస్తుంది: "గదిలో రోజూ కూర్చుంటారు సార్. నేను లేచిపోతే ఎగతాళి చేస్తారు." వాడికి ఉపన్యాసం దండగ. వేరే గది చూసిపెడితే సగం పని అయినట్టే.

పొద్దున్నే చేతులు వణికేవాడి సంగతి వేరు. వాడిచేత ఒట్టు వేయించుకోకూడదు. బాగా అలవాటుపడ్డ ఒళ్ళు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. తోడు వెళ్ళి డాక్టరుకు చూపించాలి. ముఖం చూపించడానికి సిగ్గుపడేవాళ్ళకు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఇస్తాను. అందులో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

క్లాసులో మాత్రం నెల ఖర్చు రాయిస్తాను. గది అద్దె, బియ్యం, ఫోను రీఛార్జి, మందు, అన్నీ. పుస్తకం నాకు చూపించనక్కర్లేదు, కూడిక వాళ్ళే వేసుకోవాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడటానికి ఊతమిచ్చింది అక్షరాస్యత తరగతుల్లో చదివిన, తమ బతుకులాంటి కథే. ఎవరి లెక్క వాళ్ళకు కనబడితే మాస్టారు గొంతు చించుకోనక్కర్లేదు.

ఇన్ని చేసినా వీడ్కోలు విందు నాడు మేమే పిల్లలతో గ్లాసు కలిపితే అంతా నీళ్ళపాలే. అందుకే కొత్తగా చేరే లెక్చరర్లకు టైంటేబులు ఇచ్చేటప్పుడే ఈ ఒక్క నియమమూ చెబుతాను: మీ ఇంట్లో మీ ఇష్టం, విద్యార్థి ఉన్నచోట మాత్రం చుక్క ముట్టొద్దు.